గడప వద్ద అడగవలసిన మాట

1908వ సంవత్సరాన్ని రెండు నగరాలు నేటికీ మరువలేదు. ఆ ఏడు మే నెలాఖరున అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ట్రినిటీ నది పొంగి డల్లాస్ నగరాన్ని ముంచెత్తినది. వేలాదిమంది నిలువ నీడ లేనివారైనారు. నాలుగు నెలలు గడచినవో లేదో, సెప్టెంబరు 28న మన హైదరాబాదు మీదికి మూసీ విరుచుకుపడినది. వేలాది ప్రాణాలు నీటిపాలైనవి. ఉర్దూ రుబాయీలకు పేరుపొందిన అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే పోగొట్టుకొన్నాడు.

వరద తీసిన తరువాత రెండు నగరాలూ రెండు విధాల ఆలోచించినవి. హైదరాబాదు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఎగువనే నీటిని నిలిపే మార్గం వెదకినది. తత్ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ ఏర్పడినవి. డల్లాస్ వారు నదినే ప్రక్కకు జరిపి, దానికి ఇరువైపులా ఎత్తైన కరకట్టలు కట్టారు. నదికీ కట్టలకూ నడుమ విశాలమైన పచ్చిక బయలు మిగిలినది. అది వరద వచ్చినప్పుడు నీరు పరచుకొనుటకు విడిచిన చోటు. 1908 గడచి తొంభై ఏండ్లయ్యేసరికి ఆ చోటు కొందరి కంటికి ఖాళీ స్థలంగా కనబడినది. అక్కడ ఒక పెద్ద టోల్ రహదారి వేయవచ్చునని వారికి తోచినది.

ఆ రహదారి ఎట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, చివరకు ఎట్లు రద్దయినది అన్న వృత్తాంతాన్ని మా పాఠకుల ముందు ఉంచదలచాము. సముద్రాలకు ఆవల జరిగిన సంగతి కడపలో మనకెందుకని ఎవరైనా అడుగవచ్చును. డల్లాస్, దాని చుట్టునున్న ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో పట్టణాలు నేడు అమెరికాలో తెలుగువారు అధికంగా స్థిరపడిన తావులలో ఒకటి. మన వీధులలోని ఇండ్లనుండి కూడ పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు అక్కడికి పోయి ఉన్నారు. అది ఒక కారణం. అంతకంటె ముఖ్యమైన రెండవ కారణం మన ఊరి మధ్యనే పారుతున్నది. దాని పేరు బుగ్గవంక.

ముందు ట్రినిటీ సంగతి చెప్పుకొందాము. ఆ రహదారికి ట్రినిటీ పార్క్‌వే అని పేరు పెట్టారు. పొడవు సుమారు తొమ్మిది మైళ్ళు. ఆరు వరుసలు. 1998 మే నెలలో నగరపాలక మండలి 24 కోట్ల 60 లక్షల డాలర్ల ఋణపత్రాల ప్రతిపాదనను ఓటర్ల ముందుంచినది. అందులో 8 కోట్ల 40 లక్షలు ఈ రహదారికి ఉద్దేశించినవి. మిగిలినది కరకట్టలకు, తోటలకు, ఇతర పనులకు. పార్క్‌వే అన్న మాట వినగానే సామాన్యుని మనసులో చెట్ల నడుమ తీరికగా సాగే బాట మెదలుతుంది గాని, వేగంగా దూసుకుపోయే సుంకపు రహదారి మెదలదు. ప్రతిపాదన స్వల్పమైన ఆధిక్యతతో నెగ్గినది. పిమ్మట ఆ రోడ్డు స్వరూపం తేటపడిన కొలదీ, తాము ఓటు వేసినది తోటకు గాని టోల్ రోడ్డుకు కాదని అనేకులు మొరపెట్టుకొన్నారు. మా దృష్టిలో ఈ వృత్తాంతంలోని మొదటి దోషం ఇదే. ఆ రోడ్డు తన అసలు పేరుతో జనం ముందుకు రాలేదు.

2007లో ఏంజెలా హంట్ అనే నగరమండలి సభ్యురాలు ఈ విషయాన్ని మరల ప్రజల వద్దకు తెచ్చారు. కరకట్టల నడుమ వేగపు రహదారి వలదని కోరుతూ ఆమె, ఆమె సహచరులు ఎనభై వేలకు పైగా సంతకాలు సేకరించారు. ఆ నవంబరులో మరల ఓటింగు జరిగినది. మేయరు, వ్యాపార ప్రముఖులు రహదారి పక్షాన నిలిచారు. నూటికి 53 మంది రహదారి ఉండవలెననీ, 47 మంది వలదనీ ఓటు వేశారు. వ్యతిరేకులు ఓడిపోయారు. చాలా చోట్ల ఉద్యమాల కథ ఇక్కడితో ముగుస్తుంది. డల్లాస్‌లో ముగియలేదు. ఓడినవారు ఇండ్లకు పోయి తలుపులు వేసుకొనలేదు. లెక్కలు అడుగుతూనే ఉన్నారు.

ఆ లెక్కలలో మొదటిది నీటి లెక్క. 2005లో కత్రినా తుఫానుకు న్యూ ఆర్లీన్స్ నగరపు కరకట్టలు తెగిపోయిన పిదప అమెరికా సైనిక ఇంజనీర్ల దళం దేశంలోని కట్టలన్నిటినీ నిశితంగా పరీక్షించసాగినది. 2009లో డల్లాస్ కట్టలు తగిన స్థితిలో లేవని తేల్చినది. నగరాన్ని కాపాడవలసిన కట్టలే బలహీనమైనప్పుడు, వాటి ఒడిలో రహదారి ఎట్లు పోయగలరని ప్రజలు ప్రశ్నించారు. రహదారిని ఎత్తున కట్టి, వరదనుండి కాపాడుతామని దాని పక్షాన ఉన్నవారు చెప్పారు. ఆ ఎత్తు ఆక్రమించినంత మేర నీరు ఎక్కడికి పోవలెనన్నది ఎదుటివారి ప్రశ్న. 2015 వసంతంలో కేంద్ర రహదారుల శాఖ ఈ మార్గానికి ఆమోదం తెలిపినది. ఆ మే నెలలోనే భారీ వర్షాలు కురిసి, కట్టల నడుమ బయలంతా నీటితో నిండినది. వందలాది వ్యాసాలు చెప్పలేని మాటను ఆ నీరు చెప్పినది.

రెండవది డబ్బు లెక్క. ఏండ్లు గడచిన కొలదీ రహదారి అంచనా వ్యయం పెరిగి పెరిగి నూరు కోట్ల డాలర్లను మించిపోయినది. టోల్ రహదారి అంటే వాడుకొన్నవారే చెల్లించే రహదారి అని సాధారణంగా చెప్పుతారు. కాని వాడుకొనేవారు ఎందరో ముందుగా ఊహించి అప్పు చేయవలెను. ఊహ తప్పితే అప్పు మిగులుతుంది. డల్లాస్ వారు టోల్ రోడ్లు ఎరుగనివారు కారు. 1968 నాటినుండి వారికి అటువంటి రహదారి ఉన్నది. టోల్ అంటే తెలియక వారు భయపడలేదు. తెలిసినవారు గనుకనే అడిగారు.

ఎట్టకేలకు 2017 ఆగస్టు 9న నగరమండలి 13 ఓట్లకు 2 ఓట్ల తేడాతో ఆ పెద్ద రహదారికి తన మద్దతును ఉపసంహరించుకొన్నది. 1998 నుండి లెక్కిస్తే పందొమ్మిది ఏండ్లు. రహదారి రద్దయినంత మాత్రాన ఆ చోటు బీడుపడలేదు. కట్టల నడుమ ఉద్యానవనం కొరకు అంతకు ముందు ఏడే, 2016లో, ఒక దాత 5 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించి ఉన్నారు. 1998లో ఓటర్లు తాము ఓటు వేశామనుకొన్నది ఆ తోటకే.

ఇక్కడ ఎదుటి పక్షపు వాదనను కూడ న్యాయంగా చెప్పవలెను. డల్లాస్ దక్షిణ భాగంలో నల్లజాతివారు, స్పానిష్ భాష మాట్లాడే శ్రామికులు అధికం. ఉద్యోగాలు ఎక్కువగా ఉత్తరాన ఉన్నవి. ఈ రహదారి పడితే దక్షిణాది పేదలు త్వరగా పనులకు పోగలరని దాని పక్షాన ఉన్నవారు వాదించారు. ఆ వాదన త్రోసివేయదగినది కాదు. బీదవానికి దూరం ఒక శిక్ష. తిరుపతి ఆసుపత్రికో, బెంగుళూరు ఆసుపత్రికో రోగిని తీసుకొనిపోయిన ప్రతి కడప కుటుంబానికీ మంచి రోడ్డు విలువ తెలియును. అయితే ఉదయం పోవుటకు, సాయంత్రం వచ్చుటకు టోల్ చెల్లించే శక్తి ఆ శ్రామికునికి ఉన్నదా అన్న ప్రశ్నకు కూడ జవాబు కావలెను గదా. పేదవాని పేరు చెప్పి కట్టిన రోడ్డుపై పేదవాడు నడువలేకపోతే, ఆ రోడ్డు అతని పేరును వాడుకొన్నట్లే.

పైగా ఆ నగరంలో రోడ్లకూ బలహీనులకూ మధ్య ఒక పాత బాకీ ఉన్నది. బానిసత్వం నుండి విముక్తులైన నల్లజాతివారు 1869లో అక్కడ ఒక శ్మశానవాటిక ఏర్పరచుకొన్నారు. 1940వ దశకంలో సెంట్రల్ ఎక్స్‌ప్రెస్ రహదారిని ఆ సమాధుల మీదుగానే వేశారు. యాభై ఏండ్ల తరువాత, 1990వ దశకంలో, రహదారిని వెడల్పు చేయబోయి త్రవ్వినప్పుడు వెయ్యికి పైగా సమాధులు బయటపడినవి. వాటిని మర్యాదగా వేరొక చోటికి తరలించి, స్మారకం నిర్మించారు. మొదట రోడ్డు వేసిననాడు ఆ సమాధులు లేవని కాదు. ఉన్నవని చెప్పగలిగినవారి మాట చెల్లలేదు. తాతముత్తాతలను మట్టిలో దాచుకొన్న ఏ సమాజానికైనా ఈ సంగతి గుండెను తాకుతుంది.

మాట చెల్లినప్పుడు ఏమి జరుగుతుందో చూడవలెనంటే అంత దూరం పోనక్కరలేదు. మన జిల్లావారు వేలసంఖ్యలో బ్రతుకుతెరువు వెదకుకొన్న బెంగుళూరులో 2016లో బసవేశ్వర కూడలి నుండి హెబ్బాళ వరకు 6.7 కిలోమీటర్ల ఉక్కు వంతెన కట్టదలచారు. అంచనా సుమారు 1,791 కోట్ల రూపాయలు. ఎనిమిది వందలకు పైగా చెట్లు పోవలసి ఉన్నది. ఆ అక్టోబరు 16న వేలాదిమంది పౌరులు రోడ్డు వెంట చేయి చేయి కలిపి నిలుచున్నారు. విషయం హరిత న్యాయస్థానానికి కూడ చేరినది. 2017 మార్చి నెలలో ప్రభుత్వమే ఆ పథకాన్ని విరమించుకొన్నది. డల్లాస్‌లో పందొమ్మిది ఏండ్లు పట్టినది బెంగుళూరులో ఆరు నెలలలో తెమిలినది. మంచిదే. కాని ఆ వరుసలో నిలుచున్నవారిలో చదువుకొన్నవారు, పత్రికలకు వ్రాయగలవారు, న్యాయవాదులను నియమించుకోగలవారు అనేకులు ఉండిరన్న సంగతిని మనం మరువరాదు. 2024లో హైదరాబాదులో మూసీ ఒడ్డున ఇండ్లకు గుర్తులు వేసినప్పుడు, ఆ ఇండ్లవారికి అటువంటి బలగం లేదు. వారి ఆవేదన వీధులలోనే ముందు వినబడినది.

ఇక మన ఊరి సంగతికి వత్తాము. పాలకొండల వైపునుండి దిగివచ్చే బుగ్గవంక కడప నడిబొడ్డుగుండా పారి పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు దానిలో పారేది మురుగునీరే. కరవు సీమలో వరద మాట ఎవరికి గుర్తుంటుంది? కాని 2001లో ఆ వంకే ఒక్కసారిగా పొంగి కడపను కన్నీటిపాలు చేసినది. ఆ తరువాత రక్షణగోడలు కట్టారు. 2020 నవంబరులో నివర్ తుఫాను వానలకు మరల వీధులలోకి నీరు వచ్చినది. ఆ మరుసటి ఏడే, 2021 నవంబరు 19న, చెయ్యేరుపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయినవి. ఎండిన ఏరు చచ్చిన ఏరు కాదని సీమ మనకు మరల మరల చెప్పుతున్నది.

మన రెవెన్యూ లెక్కలలో ఇటువంటి చోట్లకు 'వంక పోరంబోకు' అని పేరు. ఆ మాటలోనే చిక్కు ఉన్నది. పోరంబోకు అనగానే అది ఎవరిదీ కాదనిపిస్తుంది. కార్యాలయంలో పటం చూసేవారికి అది ఖాళీ స్థలం. ఊరిలో అద్దె కట్టలేని కూలికి, తోపుడుబండివానికి, బీడీలు చుట్టే తల్లికి తల దాచుకొనుటకు దొరికిన చోటు. నీటికి మాత్రం అది తన దారి. ముగ్గురు హక్కుదారులు ఉన్న స్థలాన్ని ఎవరూ లేని స్థలమని వ్రాసుకొంటే, తరువాత వచ్చే ఏ పథకమైనా అన్యాయంగానే మొదలవుతుంది.

వంకను ఆక్రమించుట మంచిదని మేము చెప్పుట లేదు. వరద దారిలో పసిపిల్లలతో కాపురముండుట ఎవరికీ క్షేమం కాదు. వారికి మేలైన చోట, పనికి దగ్గరగా, ఇండ్లు చూపి తరలించుట అవసరమే కావచ్చును. మా ప్రశ్న వేరు. నీటి కొరకని గుడిసెను తీసివేసి, ఆ చోటును రోడ్డుకు ఇచ్చివేస్తే, నీటికి మిగిలినదేమి? గుడిసె నీటికి అడ్డమైతే, సిమెంటు గట్టు, దానిమీది రహదారి అడ్డము కావా? పేదవానికి ఒక న్యాయం, రోడ్డుకు ఒక న్యాయం ఉండరాదు. మేము ఏ ఒక్క ప్రతిపాదననూ మనసులో ఉంచుకొని ఈ మాట అనుట లేదు. నగరాలు పెరిగే కాలంలో, భూమి ధర ఆకాశాన్ని అంటే కాలంలో, ఏటి ఒడ్డున రోడ్డు వేయవలెనన్న ఆలోచన ఎక్కడైనా, ఎప్పుడైనా రావచ్చును. అది వచ్చిననాడు అడుగవలసిన మాటలు నేడే నేర్చుకొని ఉండవలెనన్నదే మా ఉద్దేశం.

మొదట, రోడ్డు అసలు పేరేమిటని అడుగవలెను. సుందరీకరణ అన్న మాట క్రింద దాగినది తోటయా, టోల్ రోడ్డా? పిమ్మట నీరు ఎక్కడికి పోతుందని అడుగవలెను. ఎవరు నడుస్తారు, ఎవరు చెల్లిస్తారని అడుగవలెను. కడప నుండి కర్నూలు పోయే రహదారిపై టోల్ గేట్లు మనకు క్రొత్త కావు. కాని ఊరి నడుమ ఎక్స్‌ప్రెస్ రహదారి సంగతి వేరు. హైదరాబాదు బాహ్య వలయ రహదారిపై ద్విచక్రవాహనాలకు ప్రవేశం లేదు. మన ఊరిలో సగం బ్రతుకు ద్విచక్రవాహనం మీద, ఆటోలో, తోపుడుబండి మీద సాగుతున్నది. తన ఇంటి ముందునుండి పోయే రోడ్డుపై తాను ఎక్కరాదన్నప్పుడు, అది ఇంటివానికి రోడ్డు కాదు, గోడ. చివరగా, ఇల్లు పోయేవారు ఏ చోటికి పోతారని, వారి పిల్లలు ఏ బడికి పోతారని అడుగవలెను.

ఈ ప్రశ్నలు అడుగుటకు చట్టం కొంత దారి చూపినది. 2006 నాటి కేంద్ర పర్యావరణ ప్రకటన పరిధిలోకి వచ్చే పథకాలకు ముందుగా బహిరంగ విచారణ జరుపవలెను. కనీసం 30 రోజుల ముందుగా పత్రికలలో తెలియజేయవలెను. నివేదిక సారాంశం స్థానిక భాషలో దొరకవలెను. పత్రికలు చేరని చోట దండోరా వేయించి అయినా తెలుపవలెనని అందులోనే ఉన్నది. 2013 నాటి భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అధ్యయనాన్ని, దానిపై ప్రజల విచారణను నిర్దేశించినది. అయితే 2018లో మన రాష్ట్రం చేసిన సవరణ కొన్ని రకాల పథకాలను ఈ అధ్యయనం నుండి మినహాయించే వీలు ప్రభుత్వానికి కల్పించినది. ఉన్న దారి ఇరుకైనది గనుక, ఉన్నంతలో నడచుట నేర్చుకొనుట మరింత అవసరం.

ఇక్కడనే మన కళాశాల బాధ్యత మొదలవుతున్నది. ఉర్దూ 2022లో రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయినది. ఆ గౌరవం ముషాయిరాలకు, నామఫలకాలకు పరిమితమైతే చాలదు. ఇల్లు పోతుందన్న నోటీసు ఆ ఇంటి తల్లి చదువగల భాషలో వచ్చినప్పుడే భాషకు హోదా దక్కినట్లు. తెలుగు సంగతీ అంతే. సాంకేతిక నివేదిక ఆంగ్లంలో నాలుగు వందల పుటలు ఉండి, తెలుగులో నాలుగు పుటల సారాంశం మాత్రమే ఉంటే, మిగిలిన పుటలలో ఏమున్నదో చెప్పగలవారు ఎవరు? రెండు భాషలు ఒకే ఆవరణలో చదివే మన విద్యార్థులు చెప్పగలరు. ఒక సాయంత్రం వంక గట్టున కూర్చొని నోటీసును బిగ్గరగా చదివి అర్థం చెప్పగల నలుగురు విద్యార్థులు, మేధావుల సభలో చేసిన నలుబది ఉపన్యాసాల కంటె ఎక్కువ మేలు చేయగలరు. డల్లాస్‌లో చివరకు జరిగినది అదే. రోడ్డును ఆపినది ఆగ్రహం మాత్రమే కాదు. పటాలు చదివి, నీటి మట్టాలు చదివి, వ్యయ పట్టికలు చదివి, పొరుగువారికి వినిపించిన పౌరుల ఓపిక.

రద్దు అన్న మాటను మేము పండుగ చేసుకొనుట లేదు. రద్దయిన ప్రతి పథకం వెనుక వృథా అయిన సంవత్సరాలు, వృథా అయిన ధనం ఉంటవి. డల్లాస్ వారు 1998లోనే నిజమైన పేరుతో, నిజమైన లెక్కతో ప్రజలను అడిగి ఉంటే, పందొమ్మిది ఏండ్ల కలహం తప్పి ఉండేది. బహుశా చిన్నదో, వేరొక దారిలోనో, అందరికీ పనికివచ్చే రోడ్డు ఒకటి పడి ఉండేది. ముందుగా అడుగుట అభివృద్ధికి ఆటంకం కాదు. అడుగకపోవుటే ఆటంకం.

మన ఊరికి కడప అన్న పేరు గడప నుండి వచ్చినదని పెద్దలు చెప్పుతారు. తిరుమలేశుని గడప ఇది. పెద్ద దర్గాకు వచ్చే యాత్రికులకు కూడ ఇది గడపే. గడప వద్దకు వచ్చినవాడు ఎంతటివాడైనా నిలిచి, ఇంటివారిని పిలిచి, అనుమతి అడిగి లోపలికి అడుగు పెట్టుట మన రెండు సంప్రదాయాలలోనూ ఉన్న మర్యాద. రహదారి కూడ ఆ మర్యాదకు అతీతం కాదు. విద్యార్థి మిత్రులారా, రేపు మీలో కొందరు ఇంజనీర్లు, కొందరు అధికారులు కాగలరు. అనేకులు సామాన్య గృహస్థులుగా ఉండగలరు. పటం గీసే చేయి మీదైతే, గీయుటకు ముందు ఆ గడపల వద్ద నిలిచి అడుగుడు. గడపలో నిలుచున్నది మీరైతే, జవాబు వచ్చేవరకు అడుగుట మానకుడు.